తొలినాళ్ల నల్లజాతి బేస్‌బాల్, ఆడినవాళ్ల మాటల్లో: తరచుగా అడిగే ప్రశ్నలు

1947లో జాకీ రాబిన్సన్ అనే నల్లజాతి ఆటగాడు, అప్పటిదాకా తెల్లవాళ్లే ఆడుతున్న మేజర్ లీగ్‌లో (అమెరికా బేస్‌బాల్‌లో అన్నిటికన్నా పై స్థాయి) బ్రూక్లిన్ డాడ్జర్స్ తరఫున మైదానంలోకి దిగిన సంగతి అమెరికాలో ఉన్న తెలుగువాళ్లలో చాలామందికి తెలుసు. పిల్లలకు స్కూల్లో ఆ పాఠం ఉంటుంది. అంతకుముందు తరాలవాళ్లు ఎలా ఆడారు, ఏం తిన్నారు, ఎక్కడ పడుకున్నారు, ఎంత సంపాదించారు అన్నది మాత్రం పాఠాల్లో పెద్దగా రాదు. ఆ సంగతులు ఆడినవాళ్లే రాసుకున్నారు, చెప్పుకున్నారు. కింది జవాబులకు ఆధారం ఎక్కువగా వాళ్ల మాటలే.

తొలినాళ్లు అంటే ఏ కాలం?

స్కోరుతో సహా మనకు తెలిసిన తొలి మ్యాచుల్లో ఒకటి 1859 నవంబర్ 15న జరిగింది. జమైకాకు చెందిన హెన్సన్ క్లబ్, వీక్స్‌విల్‌కు చెందిన అన్‌నోన్స్ జట్టును 54-43తో ఓడించింది. రెండు ఊళ్లూ ఇప్పుడు న్యూయార్క్ నగరంలో భాగమే. అప్పటికి దేశంలో బానిసత్వం ఇంకా చట్టబద్ధం. ఇక 1920 ఫిబ్రవరిలో కాన్సాస్ సిటీలోని పసేయో వైఎంసీఏ భవనంలో రూబ్ ఫాస్టర్, మరికొందరు జట్ల యజమానులు కూర్చుని నీగ్రో నేషనల్ లీగ్‌ను స్థాపించారు. ఈ రెండింటి మధ్య 60 ఏళ్ల గురించే ఇక్కడ మాట్లాడుకుంటున్నాం.

నాకు క్రికెట్ తప్ప ఏమీ తెలియదు. అర్థమవుతుందా?

అవుతుంది. పిచ్చర్ అంటే బంతి విసిరేవాడు, మన బౌలర్. బ్యాటర్ నాలుగు బేసులు (మైదానంలో గుర్తు పెట్టిన మూలలు) చుట్టి వస్తే ఒక పరుగు. క్యాచర్ బ్యాటర్ వెనకాల కూర్చుంటాడు, మన వికెట్ కీపర్‌లాగా. ఏ బంతి వేయాలో చేతి సైగలతో పిచ్చర్‌కు చెప్పేది ఈ క్యాచరే. ఈ సైగల సంగతి గుర్తుంచుకోండి, కింద పనికొస్తుంది.

ఆడినవాళ్లు స్వయంగా చెప్పినవి ఎక్కడ దొరుకుతాయి?

మూడు రకాలుగా దొరుకుతాయి. మొదటిది, అప్పటి క్రీడా పత్రికలకు వాళ్లు రాసిన ఉత్తరాలు, ఇచ్చిన ఇంటర్వ్యూలు. రెండోది, సోల్ వైట్ 1907లో అచ్చువేయించిన చిన్న పుస్తకం, ఆ తర్వాత నల్లజాతి పత్రికల్లో అతను రాసిన వ్యాసాలు. మూడోది, 1960లు, 70లలో కొందరు పరిశోధకులు టేప్ రికార్డర్లు పట్టుకుని ముసలి ఆటగాళ్ల ఇళ్లకు వెళ్లి రికార్డు చేసుకున్న మాటలు. అప్పటికి 19వ శతాబ్దంలో ఆడినవాళ్లు వెళ్లిపోయారు. దొరికినవాళ్లు ఫాస్టర్ కింద ఆడిన తరం, ఆ తర్వాతి తరం.

ఫిలడెల్ఫియాలోని పిథియన్స్ క్లబ్ కాగితాలు కూడా మిగిలాయి. వేరే ఊళ్ల క్లబ్బులు మ్యాచ్ కోసం రాసిన ఉత్తరాలు, స్కోర్లు అన్నీ అందులో ఉన్నాయి. ఆ క్లబ్ నడిపినవాళ్లు టీచర్లు, చదువుకున్నవాళ్లు కాబట్టి కాగితం విలువ తెలుసు. వాళ్లలో ముఖ్యుడైన ఆక్టేవియస్ కాటో టీచర్, ఓటు హక్కు కోసం పోరాడినవాడు. 1871 అక్టోబర్ 10న, ఎన్నికల రోజు, నడివీధిలో అతన్ని కాల్చి చంపారు.

సోల్ వైట్ ఎవరు? అతని పుస్తకానికి అంత విలువ ఎందుకు?

1868లో ఒహాయో రాష్ట్రం బెలెయిర్‌లో పుట్టాడు. 1887లో, 19 ఏళ్లకే, నది అవతలి వీలింగ్ ఊరి జట్టులో తెల్లవాళ్లతో కలిసి ఆడి .370 బ్యాటింగ్ సగటు (వెయ్యి ప్రయత్నాలకు 370 హిట్ల లెక్క) సాధించాడు. ఆ తర్వాత ఎన్ని జట్లు మారాడో! పిట్స్‌బర్గ్ కీస్టోన్స్, క్యూబన్ జెయింట్స్, యార్క్ మొనార్క్స్, పేజ్ ఫెన్స్ జెయింట్స్. మధ్యలో చలికాలాల్లో విల్బర్‌ఫోర్స్ యూనివర్సిటీలో చదువుకున్నాడు. 1902లో ఫిలడెల్ఫియా జెయింట్స్ జట్టు స్థాపనలో భాగస్వామి అయ్యి, దానికి కెప్టెన్‌గా ఉన్నాడు.

1907 నాటి అతని పుస్తకం నల్లజాతి బేస్‌బాల్‌కు తొలి చరిత్ర. అందులో జట్ల ఫోటోలు, ఆటగాళ్ల పేర్లు, యజమానుల పేర్లు, జీతాలు, ఎవరు ఎవరికి అడ్డుపడ్డారో అన్నీ ఉన్నాయి. అసలు ప్రతులు చాలా కొద్దిగానే మిగిలాయి. అది రాయకపోయి ఉంటే 1880ల, 90ల ఆటగాళ్లలో చాలామంది ఇవాళ మనకు పత్రికల్లో ఒక ఇంటిపేరుగా మాత్రమే కనిపించేవాళ్లు. తాను ఆడుతూ, జట్టును నడుపుతూ, ఈ సంగతులు పోకూడదని కూర్చుని రాసిన మనిషి అతను. నాకు అతని మీద ఉన్న గౌరవం అతని బ్యాటింగ్ సగటు వల్ల వచ్చింది కాదు.

పుస్తకంలో అతని గొంతు ఏడుపుగొట్టుగా ఉండదు. కుర్రాళ్లకు పెద్దన్నలా సలహా ఇస్తాడు: ఇది గౌరవప్రదమైన వృత్తి, సీరియస్‌గా తీసుకోండి, మీ ప్రతిభను నిజాయితీగా చూపిస్తే త్వరలోనే తెల్లవాళ్లతో చేయి చేయి కలిపి ఆడే దారి తెరుచుకుంటుంది అంటాడు. ఆ దారి తెరుచుకోవడానికి ఇంకో 40 ఏళ్లు పట్టింది. అతను 1955 దాకా బతికాడు కాబట్టి అదీ చూశాడు.

జీతాలు ఎంత ఉండేవి?

తొలి వృత్తి జట్టుగా పేరున్న క్యూబన్ జెయింట్స్‌లో 1880లలో పిచ్చర్లకు, క్యాచర్లకు వారానికి 18 డాలర్లు, ఇన్‌ఫీల్డర్లకు (బేసుల దగ్గర ఫీల్డింగ్ చేసేవాళ్లు) 15, అవుట్‌ఫీల్డర్లకు (దూరంగా ఉండేవాళ్లు) 12, ఖర్చులు అదనం అని వైట్ రాశాడు. హోటల్ వెయిటర్ పనితో పోలిస్తే అది మంచి సంపాదనే. 1907 పుస్తకంలో ఇంకో లెక్క ఇచ్చాడు: మేజర్ లీగ్ ఆటగాడి సగటు జీతం 2,000 డాలర్లు, దాని కింది స్థాయి అయిన మైనర్ లీగ్‌లో 571, నల్లజాతి ఆటగాడికి 466. ఈ మూడు అంకెలూ పక్కపక్కన పెట్టాడు. మైనర్ లీగ్ సగటు ఆటగాడి కన్నా నల్లజాతి ఆటగాడికి తక్కువ అని ఆ అంకెలే చెబుతాయి.

క్యూబన్ జెయింట్స్ నిజంగా క్యూబావాళ్లా?

కాదు. అందరూ అమెరికా నల్లజాతీయులే. 1885లో న్యూయార్క్ లాంగ్ ఐలాండ్‌లోని బాబిలోన్ ఊళ్లో ఆర్గైల్ హోటల్ అనే వేసవి విడిది ఉండేది. అక్కడ హెడ్ వెయిటర్ ఫ్రాంక్ థాంప్సన్, అతిథుల కాలక్షేపం కోసం వెయిటర్లలో బాగా ఆడేవాళ్లను ఏరి జట్టు కట్టాడని వైట్ పుస్తకం చెబుతుంది. మర్నాటి ఏడాదికి ఆ జట్టు న్యూజెర్సీలోని ట్రెంటన్‌కు మారింది. ఎడిసన్, ప్రిన్స్‌టన్ వైపు ఉండే మన వాళ్లకు అది కారులో కాసేపు ప్రయాణం.

ఇక అందరూ చెప్పుకునే కథ: మైదానంలో స్పానిష్‌లా వినిపించాలని నోటికొచ్చిన శబ్దాలు చేసేవారని. ఇది కూడా వైట్ నోటి నుంచి వచ్చిందే, కానీ 1907 పుస్తకంలో లేదు. 1938లో ఒక పత్రిక వ్యాసం కోసం చెప్పాడు. అంటే 53 ఏళ్ల తర్వాత. పైగా 1885లో అతను ఆ జట్టులో లేడు, బెలెయిర్‌లో 17 ఏళ్ల కుర్రాడు. తర్వాత అదే జట్టులో చేరాడు కాబట్టి పాతవాళ్ల దగ్గర విని ఉండొచ్చు. నా అభిప్రాయం ఏమిటంటే, కథలో కొంత నిజం ఉన్నా, అందరూ అదే పట్టుకుని ఆ జట్టును నవ్వులాటగా చూడటం అన్యాయం. వాళ్లు తెల్ల మేజర్ లీగ్ జట్లతో తలపడ్డ ఆటగాళ్లు.

థాంప్సన్ వైపు కథ కూడా ఉంది. 1887లో న్యూయార్క్ ఏజ్ పత్రికలో వచ్చిన దాని ప్రకారం జట్టు హోటల్‌లో పుట్టలేదు. ఫిలడెల్ఫియాలో అతను ముందే పోగుచేసిన జట్టు హోటల్‌కు వచ్చింది, తర్వాత మరో రెండు జట్లు కలిశాయి. నేను దీన్నే ఎక్కువ నమ్ముతాను. సంఘటన జరిగిన రెండేళ్లకే, జట్టు కట్టిన మనిషి వైపు నుంచి వచ్చిన మాట ఇది. ఆటగాళ్లు దొరికారని వెయిటర్లుగా పెట్టుకున్నారా, వెయిటర్లు ఆటగాళ్లయ్యారా అన్నది చిన్న తేడా కాదు. మొదటిదైతే వాళ్లు అప్పటికే ఆటను వృత్తిగా చూస్తున్నారన్నమాట.

మేజర్ లీగ్‌లో మొదటి నల్లజాతి ఆటగాడు జాకీ రాబిన్సన్ కాదా?

కాదు. 1884లో మోజెస్ ఫ్లీట్‌వుడ్ వాకర్ టొలీడో జట్టు తరఫున అమెరికన్ అసోసియేషన్‌లో 42 మ్యాచులు ఆడాడు. అప్పట్లో అది మేజర్ లీగే. ఒబర్లిన్, మిషిగన్‌లలో చదివినవాడు. తమ్ముడు వెల్డే కూడా అదే ఏడాది కొన్ని మ్యాచులు ఆడాడు. వాళ్లకన్నా ముందు, 1879లో విలియం ఎడ్వర్డ్ వైట్ అనే అతను ప్రావిడెన్స్ జట్టుకు ఒకే ఒక్క మ్యాచ్ ఆడాడని పరిశోధకులు గుర్తించారు. అయితే అతను తెల్లవాడిగానే చెలామణి అయ్యాడు.

వాకర్ గురించి బాగా గుర్తుండిపోయే జ్ఞాపకం చెప్పింది అతన్ని ఇష్టపడని మనిషి. టొలీడో పిచ్చర్ టోనీ ములేన్ 1919లో చెప్పిన మాటల సారం ఇది: నేను పనిచేసిన క్యాచర్లందరిలో వాకరే బెస్ట్. కానీ నల్లవాళ్లంటే నాకు పడదు, అందుకని అతని సైగలు చూడకుండా నాకు తోచింది వేసేవాడిని. ఒకరోజు అతను కర్వ్ (వంపు తిరిగే బంతి) అడిగితే నేను ఫాస్ట్ బాల్ వేశాను. పట్టుకుని నా దగ్గరికి నడిచి వచ్చాడు. సైగలు లేకుండా పట్టమంటే పడతాను, సైగ ఇచ్చాక మాత్రం మోసం చేస్తే పట్టను అన్నాడు. ఆ సీజనంతా ఏ బంతి వస్తుందో తెలియకుండానే పట్టాడు.

ఇప్పటిలాంటి పెద్ద గ్లవ్స్ లేని రోజులవి. ఏ బంతి వస్తుందో తెలిసి పట్టినా వేళ్లు విరిగేవి. ములేన్ తన తప్పు ఒప్పుకుంటున్నట్టు చెప్పలేదు, మామూలుగా చెప్పుకుపోయాడు. అందుకే ఆ సాక్ష్యానికి బలం. వాకర్ మాత్రం 1908లో ఒక చిన్న పుస్తకం రాశాడు. నల్లజాతీయులు అమెరికా వదిలి ఆఫ్రికా వెళ్లిపోవడమే మేలని అందులో వాదించాడు. ఈ దేశం అతన్ని ఎక్కడిదాకా తీసుకొచ్చిందో దాన్నిబట్టే తెలుస్తుంది.

నల్లజాతి ఆటగాళ్లను ఎప్పుడు, ఎవరు ఆపారు?

ఒక్క రోజులో జరగలేదు. 1867 డిసెంబర్‌లోనే అమెచ్యూర్ క్లబ్బుల సంఘం, నల్లజాతి సభ్యులున్న క్లబ్బులను చేర్చుకోకూడదని నిర్ణయించింది. వృత్తి లీగుల్లో మాత్రం కొన్నాళ్లు సందులు ఉండేవి. 1887 జులై 14న మైనర్ లీగుల్లో ఒకటైన ఇంటర్నేషనల్ లీగ్ యజమానులు బఫెలోలో సమావేశమై, ఇకపై నల్లజాతి ఆటగాళ్లకు కొత్త కాంట్రాక్టులు ఇవ్వకూడదని 6-4 ఓట్లతో తీర్మానించారు. సరిగ్గా అదే రోజు నెవార్క్‌లో చికాగో జట్టుతో మ్యాచ్. చికాగో కెప్టెన్ క్యాప్ ఆన్సన్ నల్లజాతి ఆటగాళ్లతో ఆడనని పట్టుబట్టడంతో నెవార్క్ పిచ్చర్ జార్జ్ స్టోవీ, అప్పటికి అదే జట్టులో ఉన్న ఫ్లీట్‌వుడ్ వాకర్ ఇద్దరూ దిగలేదు. స్టోవీకి ఒంట్లో బాగాలేదని బయటికి చెప్పారు.

సోల్ వైట్ ఈ విషయంలో నేరుగా ఆన్సన్ పేరే పెట్టి రాశాడు. న్యూయార్క్ జట్టు స్టోవీని తీసుకోవడానికి మాటలు దాదాపు పూర్తయ్యాయని, ఆన్సన్ అడ్డుపడకపోతే 1887లోనే మేజర్ లీగ్ అయిన నేషనల్ లీగ్‌లో నల్లజాతి ఆటగాడు ఉండేవాడని అతని వాదన. ఒక్క మనిషి మీద ఇంత భారం వేయడం పూర్తిగా సరికాదని తర్వాతి చరిత్రకారులు అంటారు, అదీ నిజమే. ఓటు వేసిన ఆరుగురు యజమానులూ, కలిసి ఆడబోమన్న సహ ఆటగాళ్లూ ఉన్నారు కదా. అయినా అప్పుడు ఆడుతున్నవాళ్లకు ఆన్సన్ ముఖమే కనిపించింది.

ఎవరూ ఎదురు మాట్లాడలేదా?

మాట్లాడారు. 1888లో ఒహాయో ప్రాంతంలోని ట్రై-స్టేట్ లీగ్ నల్లజాతి ఆటగాళ్లను నిషేధిస్తోందని తెలిసి వెల్డే వాకర్ లీగ్ అధ్యక్షుడికి బహిరంగ లేఖ రాశాడు. స్పోర్టింగ్ లైఫ్ పత్రిక దాన్ని ఆ మార్చిలో అచ్చువేసింది. నా ఉపాధి పోయిందని మాట్లాడటం లేదు, ఈ నిర్ణయం గురించి మళ్లీ ఆలోచించండి, కారణం చెప్పండి అంటాడు. ఒక మనిషిని ఆపాలంటే ఆట రాకపోవడమో, ప్రవర్తన బాగాలేకపోవడమో, తెలివి లేకపోవడమో కారణం కావాలి, రంగు ఎలా కారణమవుతుంది అన్నది అతని ప్రశ్న. ఈ మొత్తం చరిత్రలో ఒక్క పేజీ చదవండి అని ఎవరైనా అడిగితే నేను ఈ ఉత్తరమే ఇస్తాను.

మైదానంలో దాడులు నిజమేనా?

నిజమే. దీనికి తెల్ల ఆటగాళ్ల సాక్ష్యాలు కూడా ఉన్నాయి. చికాగో ఆటగాడు నెడ్ విలియమ్సన్ 1891లో చెప్పిన దాని ప్రకారం, బఫెలోలో ఆడిన నల్లజాతి సెకండ్ బేస్‌మన్‌ను (రెండో బేసు దగ్గర ఉండే ఫీల్డర్) మోకాళ్ల కింద గాయపరచడమే ప్రత్యర్థులు పనిగా పెట్టుకున్నారు. బూట్ల కింది ఇనుప మొలలు అతని కాళ్లకు తగిలేలా ముందుగా పాదాలు చాచి బేసు వైపు జారేవారు. అతను కాళ్లకు చెక్కలు కట్టుకుని ఆడాడు. ఆ ఆటగాడు ఫ్రాంక్ గ్రాంట్ అని చాలామంది గుర్తిస్తారు. ఇలా కాళ్లకు చెక్కలు కట్టుకునేవాడని బడ్ ఫౌలర్ గురించి కూడా చెప్పుకునేవారు.

ఫౌలర్ అసలు పేరు జాన్ జాక్సన్. 1858లో పుట్టాడు, పెరిగింది కూపర్స్‌టౌన్‌లో. 1878 నుంచే తెల్లవాళ్ల వృత్తి జట్లలో ఆడాడు. ఏ జట్టులోనూ ఎక్కువ కాలం ఉండనివ్వలేదు. 1895లో పత్రికతో అతను అన్న మాట చదివితే కడుపులో తిప్పుతుంది: నా చర్మమే నాకు శత్రువు, ఇంత నలుపు కాకపోయి ఉంటే స్పెయిన్‌వాడినని చెప్పుకుని ఎక్కడో ఒకచోట కుదురుకునేవాడిని అన్నాడు. 1901లో బాల్టిమోర్ మేనేజర్ జాన్ మెక్‌గ్రా సరిగ్గా అలాంటి ప్రయత్నమే చేశాడు. చార్లీ గ్రాంట్ అనే ఆటగాడిని టోకోహామా అనే పేరుతో రెడ్ ఇండియన్‌గా చూపించి జట్టులోకి తేవాలనుకున్నాడు. సంగతి బయటపడింది, అతను ఆడలేకపోయాడు.

ప్రయాణాలు, బస, తిండి ఎలా ఉండేవి?

అందరూ ఊహించేది ఒకటే: మొదట్లో ఘోరం, పోనుపోను మెరుగు. వైట్ రాసింది దానికి తిరగబడి ఉంటుంది. 1887లో క్యూబన్ జెయింట్స్ వీలింగ్‌లోని మెక్‌లూర్ హౌస్ లాంటి మంచి హోటల్‌లో దిగారు. 1907కు వచ్చేసరికి ఏ ఊరు వెళ్లినా హోటళ్లన్నీ కింది అంతస్తు నుంచి అటక దాకా నిండిపోయాయనే జవాబు వచ్చేది. ఎప్పటికప్పుడు జనం మనసుల్లో రంగు గొడవ పెరిగిపోవడమే కారణమని అతను రాశాడు. ఆ ఇరవై ఏళ్లలో దక్షిణాదిన ఒక్కో రాష్ట్రం విభజన చట్టాలు చేసుకుంటూ పోయింది, ఆ గాలి ఉత్తరాదికీ వీచింది. హోటల్ గుమ్మం దగ్గర నిలబడ్డ ఆటగాడికి అది చట్టం చదవకుండానే అర్థమైంది.

ఫౌలర్ దీనికి ఒక ఉపాయం కనిపెట్టాడు. 1895లో మిషిగన్‌లోని ఏడ్రియన్‌లో అతనూ గ్రాంట్ జాన్సన్ కలిసి పేజ్ ఫెన్స్ జెయింట్స్ జట్టును కట్టారు. కంచె తీగలు తయారుచేసే కంపెనీ స్పాన్సర్. జట్టుకు సొంత రైలు పెట్టె ఉండేది, పడకా, వంటా అందులోనే. మ్యాచ్‌కు ముందు ఆటగాళ్లు సైకిళ్ల మీద ఊరంతా తిరిగేవారు, జనం వెంటపడి మైదానానికి వచ్చేవారు. కంపెనీకి ప్రచారం, జట్టుకు టికెట్ డబ్బులు, ఏ హోటల్‌వాడినీ బతిమాలాల్సిన పని లేదు.

రూబ్ ఫాస్టర్ సొంతంగా ఏమైనా రాశాడా?

రాశాడు. వైట్ పుస్తకంలోనే పిచింగ్ గురించి ఫాస్టర్ వ్యాసం ఉంది. టెక్సస్‌లోని కాల్వర్ట్‌లో 1879లో పుట్టిన ఇతను అప్పటికే దేశంలో పేరున్న పిచ్చర్. బేసుల మీద ప్రత్యర్థులు నిండి ఉన్నప్పుడే అసలు పరీక్ష, టెన్షన్ పడొద్దు, ఉల్లాసంగా ఏమీ పట్టనట్టు కనిపించండి అంటాడు. బేసులన్నీ నిండి, బ్యాటర్‌కు రెండు స్ట్రైకులు, మూడు బాల్స్ అయినప్పుడు (ఇంకో స్ట్రైక్ పడితే బ్యాటర్ అవుట్, ఇంకో బాల్ పడితే ఉచితంగా బేసు) తాను నవ్వుతూ నిలబడేవాడినని, దాంతో అవతలివాడే కంగారుపడేవాడని చెబుతాడు. కొట్టాలని తహతహలాడే బ్యాటర్ దగ్గర కాస్త కాలయాపన చేయమనీ, దూరంగా వేసిన బంతికి అతనే చిక్కుతాడనీ అంటాడు. ఇవాళ ఏ పిచ్చర్‌కైనా పనికొచ్చే సలహా ఇది. ఆ కాలం ఆటగాళ్లను బాధితులుగా మాత్రమే చూసేవాళ్లు ఈ వ్యాసం చదవాలి. వాళ్లు ఆట గురించి ఎంత లోతుగా ఆలోచించారో కనిపిస్తుంది.

ముసలితనంలో చెప్పిన జ్ఞాపకాలను ఎంతవరకు నమ్మాలి?

తేదీలు, స్కోర్లు పత్రికలతో సరిచూడాలి. మనుషుల స్వభావం, జీతం, బస, భయం, ఆటలో మెళకువలు, వీటికి మాత్రం జ్ఞాపకమే మొదటి ఆధారం. తెల్ల పత్రికలు వాటిని పట్టించుకోలేదు.

కొన్నిసార్లు కట్టుకథలా వినిపించేదాని వెనక కూడా అసలు సంగతి ఉంటుంది. తర్వాతి తరంలోని కూల్ పాపా బెల్ ఎంత వేగమంటే, స్విచ్ ఆపి గది చీకటయ్యేలోపే మంచంలో ఉండేవాడని అతని తోటి ఆటగాడు, పిచ్చర్ సాచెల్ పేజ్ చెప్పేవాడు. బెల్ తర్వాత వివరం చెప్పాడు: హోటల్ గదిలో స్విచ్ పాడై, నొక్కిన కాసేపటికి లైటు ఆరేది. అది ముందే గమనించి పేజ్‌తో పందెం కాశాడు.

ఇప్పుడు మేజర్ లీగ్ రికార్డుల్లో వీళ్ల లెక్కలు చేర్చారు కదా?

1920 తర్వాతివే చేర్చారు. 2020 డిసెంబర్‌లో 1920-48 మధ్య నడిచిన ఏడు లీగులకు మేజర్ లీగ్ హోదా ఇచ్చారు. 2024 మేలో గణాంకాలు కలిపారు, దాంతో నీగ్రో లీగుల బ్యాటర్ జాష్ గిబ్సన్ .372 సగటుతో, అంతదాకా అందరికన్నా పైన ఉన్న టై కాబ్‌ను దాటి పైకి వెళ్లాడు. ఫౌలర్, ఫ్రాంక్ గ్రాంట్, స్టోవీ, సోల్ వైట్ నల్లజాతి జట్లకు ఆడిన ఏళ్లు ఇందులోకి రావు. లీగు లేదు, పూర్తి స్కోర్లు లేవు. అందుకే వీళ్ల విషయంలో మాటలకు అంత విలువ.

వీళ్లకు గుర్తింపు దక్కిందా?

చాలా ఆలస్యంగా. ఫ్రాంక్ గ్రాంట్, సోల్ వైట్ 2006లో, ఫౌలర్ 2022లో హాల్ ఆఫ్ ఫేమ్‌లో (బేస్‌బాల్‌లో గొప్పవాళ్లకు దక్కే గౌరవ స్థానం) చేరారు. 1913లో చనిపోయిన ఫౌలర్ సమాధికి 1987 దాకా రాయి లేదు. ఫ్లీట్‌వుడ్ వాకర్‌కు 1991లో, న్యూజెర్సీ క్లిఫ్టన్‌లో ఉన్న గ్రాంట్‌కు 2011లో, స్టాటెన్ ఐలాండ్‌లో ఉన్న సోల్ వైట్‌కు 2014లో రాళ్లు పెట్టారు. అందరి చరిత్రా రాసిపెట్టిన మనిషి 59 ఏళ్లు పేరులేని గోతిలో ఉన్నాడు.

చూడాలన్నా చదవాలన్నా ఎక్కడ మొదలుపెట్టాలి?

కాన్సాస్ సిటీలో 1990లో మొదలైన నీగ్రో లీగ్స్ బేస్‌బాల్ మ్యూజియం ఉంది, పిల్లలతో వెళ్తే సగం రోజు కేటాయించండి. లీగ్ పుట్టిన పసేయో వైఎంసీఏ భవనం అక్కడికి దగ్గరే. తూర్పు తీరంలో ఉంటే కూపర్స్‌టౌన్ హాల్ ఆఫ్ ఫేమ్‌కు వెళ్లొచ్చు, ఫౌలర్ పెరిగిన ఊరు అదే. చదవడానికైతే ముందు వెల్డే వాకర్ ఉత్తరం, తర్వాత ఫాస్టర్ పిచింగ్ వ్యాసం, ఆ తర్వాత వైట్ పుస్తకం మొత్తం. ఆ పుస్తకం పునర్ముద్రణలు వచ్చాయి, పబ్లిక్ లైబ్రరీలో అడిగితే తెప్పిస్తారు.